దేహమందలి క్రొవ్వు - రక్తము గడ్డకట్టుట

క్రొవ్వును గూర్చిన వ్యాసమనగానే మీలో కొందరు, ఇది సన్నబడుటకు చెప్పు చిట్కాల వ్యాసము కాబోలునని పుట త్రిప్పివేయుదురేమో యని మాకు శంక కలదు. అట్లు చేయవలదని మా ప్రార్థన. మేమిచ్చట చెప్పబోవునది అందమును గూర్చి కాదు, నెత్తురును గూర్చి. అదియును మా యింట జరిగిన యొక సంగతి మూలమున మాకు తెలిసివచ్చినది కావున ముందుగా దానినే చెప్పెదము.

మా చెల్లెలి కుమార్తె తొలికానుపునకు పుట్టింటికి వచ్చినది. శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. పండ్రెండవనాడు బాలెంతకు ఎడమకాలి పిక్క బరువెక్కి, సాయంకాలమునకు తొడవరకును వాచినది. కుడికాలు ఎప్పటివలెనే యున్నది. ఇంటనున్న పెద్దలందరును ఏకకంఠముగా "వాతము" అనిరి. "పచ్చి బాలెంత, చలిగాలి తగిలినది. నువ్వులనూనె వెచ్చజేసి గట్టిగా మర్దించుడు, తెల్లవారునప్పటికి దిగిపోవును" అని మా మేనత్తగారు సెలవిచ్చిరి. నూనె పొయ్యిమీదికి ఎక్కినది కూడ. అంతలో మా చెల్లెలు, "అక్కా, వాతమయినచో ఒక్క కాలికే ఏల రావలెను?" అని అడిగినది. ఆ ప్రశ్నయే పిల్లను కాపాడినదని ఇప్పటికిని మా నమ్మకము.

ఆ రాత్రియే ఆసుపత్రికి గొనిపోతిమి. ధ్వనితరంగములతో కాలి సిరలను చూచు స్కాను తీసి, తొడలోని పెద్ద సిరలో నెత్తురు గడ్డకట్టియున్నదని డాక్టరమ్మ చెప్పినది. "మర్దన చేసితిరా?" యన్నది ఆమె మొదటి ప్రశ్న. లేదని చెప్పగా ఊపిరి పీల్చుకొని, "చేసియున్నచో ఆ గడ్డలో ఒక ముక్క ఊడి, నెత్తురుతోబాటు గుండెకును, అచ్చటినుండి ఊపిరితిత్తులకును పోయెడిదేమో. పెద్దముక్క పోయి అడ్డుపడినచో నిమిషములలో ప్రాణము పోవుటయు కలదు" అనెను. మా మేనత్తగారు ఆ మాట విని గోడకు చేరగిలబడినారు. ఆమె చెడుతలంపుతో చెప్పినది కాదు. ఆమెకు ఆమె అత్తగారు చెప్పినదే చెప్పినది.

మరునాడు డాక్టరమ్మ తీరికగా కూర్చుండి పూర్వోత్తరములు అడిగినది. గర్భము రాకమునుపు బరువెంత? డెబ్బది యెనిమిది కిలోలు. ఎత్తు? అయిదడుగుల ఒక అంగుళము. కానుపయిన పిదప ఎన్నిదినములు మంచము దిగలేదు? పురిటిస్నానమువరకు దిగనిచ్చితిమి కాము. దప్పిక తీర నీళ్లు త్రాగినదా? పథ్యమని గ్రుక్కెడు గ్రుక్కెడుగా ఇచ్చితిమి. "చిన్ననాటినుండియు బొద్దుపిల్ల, ఇంటికి కళ" అని మా చెల్లెలు సిగ్గుపడుచు చెప్పగా, డాక్టరమ్మ నవ్వి, "ఆ కళకును ఈ గడ్డకును కూడ సంబంధము కలదమ్మా" యనెను. బరువు మీదపడి సిరలు నలిగినవేమోయని మేము తలచితిమి. "అదియు కొంత నిజమే. కాని క్రొవ్వు ఊరక పడియుండు వస్తువు కాదు. అది మాటలాడును. ఆ మాట నెత్తురు వినును" అని ఆమె చెప్పిన వాక్యము మమ్ము విడువలేదు. ఆ పిమ్మట నెలలతరబడి ఆ విషయమును చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా నెత్తురు గడ్డకట్టుట యననేమో చూతము. పాలు ఊరక యుంచినచో పెరుగు కావు, తోడు పడవలెను. నెత్తురును అట్టిదే. దానికి కావలసిన తోడును ప్రకృతి రక్తనాళములకు వెలుపల, కండలలోను చర్మములోను దాచియుంచినది. కత్తిపీటమీద వ్రేలు తెగినప్పుడు నెత్తురు బయటికి వచ్చి ఆ తోడును తాకును. శాస్త్రజ్ఞులు దానిని టిష్యూ ఫ్యాక్టరు అందురు. అది తాకినంతనే, నెత్తురులో నిదురించుచున్న గడ్డకట్టు పదార్థములు ఒకదానినొకటి మేలుకొలుపును. వీనికి రోమను అంకెలతో పేరులు పెట్టినారు, ఏడవది, ఎనిమిదవది, పదవది అని. తుదకు థ్రాంబిన్ అనునది పుట్టి, ఫైబ్రినోజెన్ అను పదార్థమును సన్నని దారములుగా మార్చును. ఆ దారములు వలవలె అల్లుకొని, అందు రక్తకణములు చిక్కుకొనగా గడ్డ యేర్పడును. ఫైబ్రినోజెన్ తయారగునది కాలేయములో. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, మరల పనిపడును.

గడ్డకట్టుట సగము కథయే. పెండ్లికి వీథినడుమ పందిరి వేయుదుము. పెండ్లి యయినపిదప దానిని విప్పనిచో బండ్లెట్లు పోవును? గాయము మానిన పిమ్మట గడ్డను విప్పుటకును దేహమున పనివాండ్రు కలరు. వారిలో ముఖ్యుడు ప్లాస్మిన్. అతనిని పనిలోనికి పిలుచు మేస్త్రి వేరొకడు కలడు. అతని పేరు టి.పి.ఏ. ఈ మేస్త్రి మితిమీరి పనిచేసినచో కావలసిన పందిరియు ఊడిపోవును గనుక, అతని చేతులు పట్టి ఆపు పదార్థము కూడ నెత్తురులో నున్నది. దాని పేరు పి.ఏ.ఐ.-1. మేలురోజులలో ఈ ముగ్గురి నడుమ లెక్క సరిగా నుండును. పి.ఏ.ఐ.-1 పెచ్చు పెరిగినచో మాత్రము మేస్త్రి కదలలేడు, పనివాడు రాడు, పందిరి వీథినడుమ నిలిచిపోవును. ఈ పదార్థము నెత్తురులో తెల్లవారుజామున హెచ్చుగా నుండి, సాయంకాలమునకు తగ్గును. గుండెపోట్లు ప్రొద్దుటిపూట ఎక్కువగా వచ్చుటకు గల కారణములలో ఇదియు నొకటియని చాలమంది వైద్యుల అభిప్రాయము.

ఇక క్రొవ్వు సంగతి. మన భాషలో "ఒళ్లు క్రొవ్వెక్కినది" యని పొగరుబోతును తిట్టుదురు గాని, క్రొవ్వునకు స్వయముగా ఒక బుద్ధి యున్నదని ఎవ్వరును తలచలేదు. వైద్యులును చాలకాలము దానిని గాదెవలెనే చూచిరి. పంట వచ్చినప్పుడు నింపుదుము, కరవు వచ్చినప్పుడు తీయుదుము, గాదె మనతో మాటలాడదు గదా! ఈ యభిప్రాయము ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములో తలక్రిందయినది. 1993లో అమెరికాలో హొటామిస్లిగిల్, స్పీగెల్మన్ అనువారు, బలిసిన యెలుకల క్రొవ్వునుండి టి.ఎన్.ఎఫ్. అను పదార్థము వెలువడుచున్నదని కనిపెట్టిరి. అది సాధారణముగా దేహములో పుండో జ్వరమో కలిగినప్పుడు తెల్లకణములు ఒకదానినొకటి హెచ్చరించుకొనుటకు వాడు సంకేతము. పుండు లేని చోట, జ్వరము లేని చోట, క్రొవ్వులో దానికేమి పని? మరుసటి యేడు న్యూయార్కులో ఫ్రీడ్మన్ బృందమువారు లెప్టిన్ అను దానిని కనుగొనిరి. అది క్రొవ్వుకణములనుండి పుట్టి, నిలువ యెంత యున్నదో మెదడునకు తెలుపు హార్మోను. దీనితో క్రొవ్వు గాదె యనుమాట చెల్లకపోయినది. అది థైరాయిడ్ గ్రంథివలె నెత్తురులోనికి సందేశములు పంపు అవయవమని తేలినది.

అయితే సన్నని మనుష్యుని క్రొవ్వునకును, బలిసినవాని క్రొవ్వునకును నడతలో భేదము కలదు. తిండి మిగిలినకొలది క్రొవ్వుకణములు ఉబ్బును. ఉబ్బిన కణములకు నెత్తురును ప్రాణవాయువును చాలినంత అందవు. కొన్ని చచ్చును. చచ్చినదానిని ఎత్తివేయుటకు, చెత్తను మ్రింగు తెల్లకణములు వచ్చి చుట్టును చేరును. సూక్ష్మదర్శినిలో చూచినచో, చచ్చిన కణముచుట్టు అవి కిరీటమువలె కూర్చుండి కనబడునట. 2003లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయము వారు లెక్కపెట్టి చూడగా, సన్ననివారి క్రొవ్వులో ఇట్టి మ్రింగుకణములు నూటికి పదికంటె తక్కువయు, మిక్కిలి స్థూలకాయుల క్రొవ్వులో నూటికి నలువదికి దగ్గరగాను ఉన్నవి. ఇందరు ఒకచోట చేరినప్పుడు ఊరకుందురా? టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు శోథ సంకేతములు ఎడతెగక వెలువడుచుండును. శోథమనగా గాయమునకు వచ్చు వాపును మంటయును. ఇచ్చట వాపు కంటికి కనబడదు, మంట తెలియదు. సన్నసెగమీద పాలు కాగుచున్నట్లు ఏండ్లతరబడి సాగును.

ఈ రెండు సంకేతముల నడతలో ఒక తమాషా యున్నది. 1997లో లండనులోని పరిశోధకులు, కడుపుమీది క్రొవ్వునుండి వచ్చు చిన్న సిరలోని నెత్తురును ధమనిలోని నెత్తురుతో పోల్చి చూచిరి. క్రొవ్వునుండి ఇంటర్‌ల్యూకిన్-6 ధారాళముగా వచ్చుచున్నది, టి.ఎన్.ఎఫ్. మాత్రము వెలికి రాలేదు. అనగా టి.ఎన్.ఎఫ్. ఇరుగుపొరుగు గుసగుస, దాని పని పక్క కణములతోనే సరి. ఇంటర్‌ల్యూకిన్-6 దూరపు చుట్టమునకు వ్రాసిన యుత్తరము. నెత్తురులో తిరుగు ఇంటర్‌ల్యూకిన్-6లో ఇంచుమించు మూడవవంతు క్రొవ్వునుండియే వచ్చుచుండవచ్చునని వారి అంచనా.

ఆ గుసగుసకు ఫలమేమనగా, క్రొవ్వులోని కణములు పి.ఏ.ఐ.-1ను హెచ్చుగా తయారుచేయసాగును. మనుష్యుల క్రొవ్వుముక్కలను గిన్నెలలో బ్రతికించి, వానిమీద టి.ఎన్.ఎఫ్. వేసిచూడగా ఇదే కనబడినది. 1996లో జపానుదేశపు ఓసాకా వైద్యులు, పేగులచుట్టు క్రొవ్వు ఎంత పేరుకొన్నదో, నెత్తురులో పి.ఏ.ఐ.-1 అంత హెచ్చుగా నున్నదని ప్రకటించిరి. మరుసటియేడు ఫ్రాన్సులోని మార్సెయిల్ నగరమున అలెస్సి, జుహాన్-వాగ్ అను ఇరువురు స్త్రీల బృందము, ఒకే మనుష్యుని చర్మము క్రింది క్రొవ్వును, కడుపు లోపలి క్రొవ్వును తీసి పోల్చి, లోపలిదే ఎక్కువ పి.ఏ.ఐ.-1ను ఇచ్చుచున్నదని చూపిరి. పిమ్మట వేరొక చోట పరిశోధించినవారు, పైక్రొవ్వును తక్కువది కాదనిరి. ఈ తగవు పూర్తిగా తీరలేదు. క్రొవ్వు పెరిగినకొలది, అందు శోథము హెచ్చినకొలది, ఈ పదార్థము నెత్తురులో పెరుగునన్న మాటలో మాత్రము భేదాభిప్రాయము లేదు.

ఉత్తరము సంగతి యేమయినది? ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయము చేరినంతనే, కాలేయము దేహములో ఎక్కడనో గాయమయినదని నమ్మును. గాయమయినచో గడ్డ కావలెను గనుక ఫైబ్రినోజెన్‌ను హెచ్చుగా చేసి నెత్తురులోనికి వదలును. సి.ఆర్.పి. యను మరియొక పదార్థమును కూడ చేయును. ఇప్పుడు ప్రయోగశాలలలో శోథమును కొలుచుటకు చూచునది దీనినే. గడ్డకట్టు పదార్థములలో ఎనిమిదవది కూడ శోథమున్నచోట పెరుగును. ఇవి చాలవన్నట్లు, నెత్తురులో తిరుగు కొన్ని తెల్లకణములు ఈ సంకేతములు విని, నాళములకు వెలుపల ఉండవలసిన ఆ తోడును, టిష్యూ ఫ్యాక్టరును, తమ ఒంటిమీదనే ధరించుకొని బయలుదేరును. పాలగిన్నెలో ఎవరో తోడుచెంచా ముంచినట్లే గదా!

కాబట్టి పందిరి వేయు సామగ్రి హెచ్చినది, విప్పువాని చేతులు కట్టుబడినవి. ఇంతమాత్రముచేత గడ్డ వెంటనే వచ్చునని కాదు. జర్మను వైద్యుడు విర్కో పందొమ్మిదవ శతాబ్దమునందు వ్రాసినదానినిబట్టి వైద్యులు ఇప్పటికిని మూడు కారణములు చెప్పుదురు. నెత్తురు నడక మందగించుట, నాళపుగోడ చెడుట, నెత్తురులోని పదార్థములే గడ్డకు మొగ్గుట. క్రొవ్వు మాట మూడవదానిని ఎల్లప్పుడు సిద్ధముగా నుంచును. మిగిలినవి తోడయినప్పుడు కీడు మూడును. మా పిల్ల విషయమున తోడయినవి కానుపు, శస్త్రచికిత్స, మంచము, నీళ్లులేమి. గర్భసంచి బరువునకు ఎడమకాలినుండి వచ్చు సిర నలుగుటచేత, గర్భిణులకును బాలెంతలకును ఈ గడ్డ ఎక్కువగా ఎడమకాలికే వచ్చును. మా చెల్లెలి ప్రశ్నకు జవాబు అది.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. "మా యింట ఎవరును లావుగా లేరు, మాకు ఈ గోల యేల?" యని. మన దేశమువారికి ఆ ధీమా తగదు. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చినది. పుణె నగరములోని డాక్టరు యాజ్ఞిక్, లండనులోని డాక్టరు యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచిరి. పైని చెప్పిన లండను పరిశోధనలో ఈ యుడ్కిన్ కూడ నొకరు. ఇద్దరి ఎత్తును బరువును లెక్కగట్టగా వచ్చిన అంకె ఒక్కటే, 22.3. చూచుటకు ఇద్దరును సన్ననివారే. కాని లోపల కొలువగా తెల్లదొర దేహములో క్రొవ్వు నూటికి 9.1 పాళ్లు, మనవాని దేహములో 21.2 పాళ్లు! మన శిశువులును పుట్టుకతో ఇట్లే యుందురని యాజ్ఞిక్ బృందము చూపినది. పుణె పల్లెల శిశువులు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలు తూగిరి. మన శిశువులకు తక్కువయినది కండ, అంతగా తగ్గనిది క్రొవ్వు. అందుచేతనే మన దేశపు స్త్రీలకు నడుముచుట్టు కొలత 80 సెంటీమీటర్లు దాటినచో హెచ్చరికయని వైద్యులు నిర్ణయించిరి. పురుషులకు 90. కాలుచేతులు సన్నముగానుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చిన అత్తమామలు, బావమరదులు మన యిండ్లలో ఎందరు లేరు? తూకపుయంత్రముకంటె దర్జీవాని టేపు మేలు.

డబ్బు గలవారికి వేరొక ఊహ తోచవచ్చును. క్రొవ్వే దోషమయినచో దానిని గొట్టముతో పీల్చి పారవేసిన సరిపోదా? ఈ ప్రశ్ననే 2004లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయము వారు పరీక్షించిరి. పదునైదుగురు స్థూలకాయలగు స్త్రీలకు కడుపుమీది క్రొవ్వును సుమారు పది కిలోలు పీల్చివేసిరి. పది పండ్రెండు వారములపిదప నెత్తురు చూచిరి. సి.ఆర్.పి. తగ్గలేదు, ఇంటర్‌ల్యూకిన్-6 తగ్గలేదు, టి.ఎన్.ఎఫ్. తగ్గలేదు. చీర కుచ్చెళ్లు చక్కగా నిలిచియుండవచ్చును గాని, నెత్తురునకు ఏమియు తెలియలేదు. కారణమూహించుట కష్టము కాదు. పైక్రొవ్వు పోయినది గాని లోపలి క్రొవ్వు అట్లే యున్నది, మిగిలిన కణములును ఉబ్బియే యున్నవి. తినునది తగ్గించి, నడక పెంచి, నెమ్మదిగా సన్నబడినవారి సంగతి వేరు. వారి కణములే చిన్నవగును, లోపలి క్రొవ్వు ముందుగా కరగును, నెత్తురులో పి.ఏ.ఐ.-1 తగ్గును. ఇది పలుదేశములలో పలుమారులు చూచిన సంగతి. పూర్తిగా సన్నబడనక్కరలేదు, ఉన్న బరువులో నూటికి అయిదు పది పాళ్లు తగ్గినను నెత్తురులో మార్పు కనబడును.

స్త్రీలకు ఈ విషయము పురుషులకంటె దగ్గరిది. బిడ్డను కనునప్పుడు నెత్తురెక్కువ పోకుండ ప్రకృతి గర్భిణి నెత్తురును ముందే గడ్డకు అనువుగా చేయును. మామూలు వయసు స్త్రీలలో ఏడాదికి పదివేలమందిలో ఒకరు మొదలు అయిదుగురికి మాత్రమే సిరలలో గడ్డ వచ్చును. గర్భిణులలో అయిదుగురు మొదలు ఇరువదిమందికి రావచ్చును. కానుపయిన తరువాతి పండ్రెండు వారముల లెక్క ఏడాదికి సరిచూచినచో నలువదిమంది మొదలు అరువదియైదుగురివరకు పోవును. మొదటి ఆరువారములు మరింత జాగ్రత్తగా నుండవలసినవి. మనమేమో సరిగా ఆ ఆరువారములలోనే బాలెంతను మంచమునకు అంటగట్టి, నీళ్లు దాచిపెట్టి, నేతిముద్దలు తినిపించుదుము. మా పూర్వులను నిందించుటకు వ్రాయుటలేదు. ఎముకలగూడువంటి పదునెనిమిదేండ్ల బాలెంతకు నేయి ఔషధమే. డెబ్బది యెనిమిది కిలోల బాలెంతకు అది అట్లు కాదు. మంచమునకు అంటగట్టుటయు నీళ్లు కట్టడిచేయుటయు ఎవ్వరికిని మంచివి కావు.

గర్భనిరోధపు మాత్రల సంగతియు చెప్పక తప్పదు. ఈస్ట్రోజెన్ గల మాత్రలు తిను స్త్రీలలో పైని చెప్పిన లెక్క పదివేలమందికి మూడు మొదలు తొమ్మిదివరకు పోవును. గర్భిణులకంటె తక్కువయే, భయపడవలసినది లేదు. కాని 2007లో హాలండులోని లైడెన్ నగరమువారు వేలకొలది రోగులను విచారించి ప్రకటించిన లెక్క వేరొకటి కలదు. స్థూలకాయయైన స్త్రీ ఆ మాత్రలు తినుచున్నచో, మాత్రలు తినని సన్నని స్త్రీకంటె ఆమెకు గడ్డ వచ్చు అవకాశము ఇరువదినాలుగు రెట్లు! మాత్ర యొకవైపు, క్రొవ్వు మాట యొకవైపు, రెండును కలిసినప్పుడు కూడికకాదు, గుణకారము. ఇక మన యిండ్లలో వ్రతములకు, పెండ్లిండ్లకు, తిరుపతి ప్రయాణములకు నెలసరిని వాయిదా వేయుటకు మందులకొట్టునుండి పిల్లవానిచేత తెప్పించుకొను మాత్రలు కలవు. వానిలోనుండు నోరెథిస్టిరోన్ అను మందులో కొంతభాగము దేహములో ఈస్ట్రోజెన్‌గా మారును. నడుముచుట్టు హెచ్చుగా నున్నవారు, ఇంట ఎవరికైన కాలిలో గానీ ఊపిరితిత్తులలో గానీ గడ్డ వచ్చినవారు, డాక్టరు నడుగక వానిని మ్రింగరాదు. పూజ ఒక వారము వాయిదా పడినచో దేవుడు కోపించునని మేము తలపము.

గడ్డ వచ్చిన కాలి గురుతులు ఒకటి రెండు మాటలలో చెప్పెదము. ఒక్క కాలే వాచుట, పిక్క నొప్పి, తాకిన వెచ్చగా నుండుట, చర్మము ఎఱ్ఱబారుట. అప్పుడు నూనె వలదు, కాపడము వలదు, మర్దన అసలే వలదు, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. హఠాత్తుగా ఊపిరి ఆడకపోవుట, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు వచ్చినచో ఆ క్షణమే పోవలెను. దీనికి మంచి మందులున్నవి. పాలిచ్చు తల్లికి ఇవ్వదగినవియు ఉన్నవి.

మా పిల్లకు అట్టి మందే ఇచ్చిరి. మొదట దినదినము పొట్టమీద ఇంజక్షను, పిమ్మట మాత్రలు, మొత్తము ఆరునెలలు వాడవలసివచ్చినది. బిడ్డకు పాలు మానలేదు. మూడవనెల చివర స్కాను తీయగా సిరలో నెత్తురు మరల నడచుచున్నది. డాక్టరమ్మ పట్టీ వ్రాసియిచ్చుచు, మందుల క్రిందుగా "నడక, రోజుకు నలువది నిమిషములు" అని కూడ వ్రాసెను. బిడ్డను భుజమున వేసికొని పెరటిలో నడుచుటతో మొదలుపెట్టి, ఇప్పుడు చెరువుగట్టువరకు పోవుచున్నది. రాత్రి అన్నము ఒక గరిటెకు తగ్గించి, పప్పును కూరయు పెంచినది. పండుగనాడు బొబ్బట్లు తినుట మానలేదు, మానుమని మేమును చెప్పలేదు. నడుముచుట్టు కొలత ఏడాదిలో తొంబదితొమ్మిదినుండి తొంబదికి దిగినది. ఎనుబదికి ఇంకను పది కలవు.

టేపు మా వంటయింటి గోడకు, పంచాంగము ప్రక్కన మేకుకు వ్రేలాడుచున్నది. మొన్న ఏకాదశినాడు మా మేనత్తగారు దానిని కొంతసేపు పరకాయించి చూచి, చీరకొంగు సరిచేసికొనుచు, "అమ్మాయీ, తలుపు వేసి నాకును ఒకమారు కొలిచి చెప్పవే" యనిరి. తొంబదియేడు వచ్చినది. ఆమె ఏమియు అనలేదు. సాయంకాలము చెప్పులు తొడిగికొని మనుమరాలితో చెరువుగట్టునకు బయలుదేరినారు.